ఇన్‌ఛార్జి సంతకం

గోడమీది మార్కుల కాగితం చూడగానే పెద్దక్కకు కడుపు మండిపోయింది.

వార్డు ఇన్‌ఛార్జి నర్సును అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆసుపత్రి ఏడాదికి ఒక్క నర్సునే జీతమిచ్చి మరీ పీజీ చదువుకు పంపుతుంది. ఈసారి పరీక్షలో చిట్టి ఫస్టు. రెండు మార్కుల తేడాతో పెద్దక్క సెకండు.

చిట్టి ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. పెద్దక్క పద్దెనిమిదేళ్ళుగా ఈ వార్డులో అరిగిపోతోంది. పైగా నలభై ఐదు దాటితే పంపరు. ఆమెకిదే ఆఖరి ఏడు.

ఆ పిల్లకు సెలైన్ పెట్టడం నేర్పిందే తను! ఇప్పుడది మందుల ట్రాలీకి పుస్తకం ఆనించి భోంచేస్తుంటే చూడలేకపోతోంది. డాక్టరుగారు "మన టాపర్ ఏదమ్మా?" అన్నప్పుడైతే, థర్మామీటరు పెడితే జ్వరం చూపించేంతగా ఒళ్ళు మండేది.

చిట్టేమో ఏమీ ఎరగనట్టు వెనకే తిరిగేది.

"అక్కా, మీకు నలభై ఐదు ఎప్పుడు నిండుతాయి?"

"నా వయసుతో నీకేం పనే? వేళాకోళంగా ఉందా?"

"అయ్యో, ఊరికే అడిగానక్కా."

ఆ వారమంతా స్టోరు గది సర్దే పని చిట్టి నెత్తినే పడింది.

దరఖాస్తులకు ఆఖరి రోజు చిట్టి ఓ కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఎవరు వెళ్ళాలన్నా అభ్యంతరం లేదని ఇన్‌ఛార్జి రాయాలి.

"ఒక్కసారి చదవండక్కా."

"ఏముందో నాకు తెలీదా? పెన్నివ్వు."

"ఈ ఏడు పోతే మళ్ళీ రాదక్కా..."

ఆ మాటతో ఉన్న కాస్త జాలీ ఎగిరిపోయింది. తనకు దక్కని చదువు ఈ బొడ్డూడని పిల్లకా? కాగితం అడుగున బరబరా గీకేసింది: 'సిబ్బంది కొరత. ఈ వార్డు నుంచి ఎవరినీ పంపడం కుదరదు.' సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఆయా చేత ఆఫీసుకు పంపేసింది.

చిట్టి కళ్ళనిండా నీళ్ళు.

"నా మీద అంత కోపమా అక్కా?"

"కోపమేమిటి? వార్డు చూసుకోవద్దూ?"

"సరే. మీ ఇష్టం."

మర్నాడు సీటు మూడో స్థానంలో ఉన్న ఆపరేషన్ థియేటర్ నర్సుకు వెళ్ళింది. పెద్దక్క కడుపు చల్లబడింది. తనకూ లేదు, దానికీ లేదు! ఆ పూట రోగులందర్నీ పేరుపేరునా పలకరించింది. చిట్టికి తన ఫ్లాస్కులోంచి టీ కూడా పోసింది.

మధ్యాహ్నం ఆ కాగితం ఫైల్లో పెట్టుకోమని ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. పెద్దక్క ముందు తన సంతకం చూసుకుని మురిసిపోయింది. తర్వాత తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని, పైనున్న చిట్టి రాత చదివింది:

'నాకింకా వయసుంది కనుక ఈ సీటు వదులుకుంటున్నాను, నా బదులు మా పెద్దక్కను పంపించ ప్రార్థన.'