మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

"సంబంధమోళ్ళు బస్సు దిగినారంట. వీధి మలుపు తిరిగేసి ఉంటారు" అంది పంకజాక్షి, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "మగ్గాలు ఆడటం లేదేమని అడిగితే ఏం చెప్తావు?"

"కరెంటు లేదని చెప్తా" అన్నాడు భర్త దామోదరం.

"వీధంతా టకటకమంటా ఉంటే మనింటికి మటుకు లేకుండా పోయిందా?"

నగరిలోని ఆ వీధిలో కరెంటు ఉందో లేదో తెలుసుకోవడానికి దీపం వేసి చూడనక్కర్లేదు, చెవి పెడితే చాలు. ఇంటింటికీ పవర్‌లూమే. అన్నీ ఆడుతున్నాయి, దామోదరం ఇంట్లో తప్ప.

చేసుకున్నది తనే. రోహిణి ఎండల్లో అందరూ కరెంటు చాలక అల్లాడుతుంటే, ఈ మహానుభావుడు స్తంభం మీది తీగకు దొంగతనంగా కొక్కెం తగిలించి మీటరు తిరక్కుండా మగ్గాలు ఆడించాడు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా వీధిలో ఏ మగ్గమూ ఆడలేదు, ఏ ఫ్యానూ తిరగలేదు. ఎదురింటి మునస్వామి మనవడికి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. కరెంటువాళ్ళు వచ్చి నలుగురి ముందూ దామోదరం ఇంటి ఫ్యూజులు పీక్కొనిపోయారు. ఆనాటినుంచి అతను వీధిలో తలెత్తి నడిచింది లేదు, అతనితో ఎవరూ మాట్లాడిందీ లేదు. మొన్న పంకజాక్షి బోరింగు దగ్గర కొడుకు సంబంధంవాళ్ళు ఈరోజు వస్తున్న సంగతి చెబితే ఒక్కరూ మారు పలకలేదట.

ఇప్పుడు కొడుకు ధనంజయకు పిల్లనిచ్చేవాళ్ళు సత్యవేడు నుంచి ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. తండ్రి కరెంటు దొంగ అని తెలిస్తే ఆ సంబంధం తప్పిపోయినట్టే. అబ్బోడికి ఏ మొహం చూపించాలి?

దామోదరం గడపలో నిలబడి ఉండగానే మునస్వామి ఇంట్లో మగ్గం ఆగింది. తర్వాత పక్కింట్లో. ఆ తర్వాత ఆ వరసంతా.

"దేవుడుండాడే" అన్నాడు గొంతు తగ్గించి. "కరెంటు పోయింది."

పిల్ల తండ్రి సుబ్రమణ్యం లోపలికి వచ్చి కూర్చుని, కండువాతో విసురుకున్నాడు. "మగ్గాలు ఆపేసినారేమప్పా?"

"ఏం చెప్పేది. ఎండాకాలం వస్తే ఈ కోతలతో సచ్చేదే. యాళకు కరెంటిస్తే గదా."

నోరు కోతల్ని తిడుతోంది గానీ, లోపల దామోదరం సిగ్గుతో చితికిపోతున్నాడు. ఏ క్షణాన ఏ ఇంట్లో టకటక మొదలవుతుందోనని భయం వేరే.

మజ్జిగ తాగి సుబ్రమణ్యం లేచాడు. "ఎదురింట్లో ఒక మాట అడిగొస్తా. ఇరుగుపొరుగును అడిగేది మా పద్ధతి. ఏమనుకోవద్దు."

మునస్వామి ఎందుకు దాస్తాడు? దాయాల్సిన అవసరం అతనికేం ఉంది? దామోదరం వెనకే వెళ్ళి వాకిట్లో ఆగిపోయాడు. తెరిచిన తలుపులోంచి అంతా కనబడుతోంది. ఫ్యాను కదలకుండా వేలాడుతోంది. పసివాడు ఉక్కకు ఏడుస్తుంటే మునస్వామి భార్య చాటతో విసురుతోంది.

"దామోదరం ఎట్లాంటోడప్పా?" అడిగాడు సుబ్రమణ్యం.

మునస్వామి బనీను చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. వాకిట్లోకి ఒకసారి చూసి అన్నాడు. "మగ్గం తప్ప ఇంకో ద్యాస లేని మనిసి. పిల్లను నిశ్చింతగా ఇయ్యండి. ఈ కరెంటు పాట్లంటారా, వీధిలో అందరికీ ఉండేవే."

సాయంత్రం బస్సుకు, శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందామని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. బస్సు ఎక్కించి దామోదరం తిరిగి వచ్చేసరికి వీధి మళ్ళీ టకటకలాడుతోంది. అతను నేరుగా మునస్వామి ఇంట్లోకి నడిచాడు.

"మునస్వామీ, నేను జేసిన పనికి నీ ముందర నిలబడే మొగం లేదు నాకు. అయినా నా పరువు నిలబెట్టినావు. దేవుడు గూడా యాళకు కరెంటు తీసేసి కాపాడినాడు. ఎంతసేపయింది మళ్ళీ వచ్చి?"

మునస్వామి మగ్గం మీంచి చూపు తిప్పలేదు.

"పోతే గదప్పా, వచ్చేదానికి."