ఉండే చోటు

"లాడ్జీ పేరు కుదరదు. ఉండే ఇల్లు చెప్పమనండి," అన్నాడు కౌంటరు వెనక ఆఫీసరు.

ఆ దేశపు భాష ఆమెకు రాదు. పక్కన నిలబడ్డ ఫొటోల షాపు ఆయన ఆ మాటను ఆమె భాషలో చెప్పాడు.

"లాడ్జీలోనే ఉంటున్నామని చెప్పండి అన్నయ్యా."

"చెప్పాను. వాళ్లు లాడ్జీకి ఫోన్ చేశారట. మీరు ఎప్పుడో ఖాళీ చేశారని చెప్పారట."

కూతురి భుజం మీదున్న ఆమె చెయ్యి బిగుసుకుంది. పాప నొప్పికి కదిలింది కానీ తల్లిని వదల్లేదు.

ఆఫీసరు విసుక్కోకుండానే మరోసారి చెప్పాడు. టూరిస్టు వీసా పొడిగించాలంటే ఉంటున్న చోటు నమోదు కావాలి. ఇంటివాళ్లు స్వయంగా వచ్చి, అవును మా ఇంట్లోనే ఉంటోంది అనాలి. ఈ వారంలోగా రాకపోతే తల్లీకూతుళ్లిద్దరూ దేశం విడిచి వెళ్లాల్సిందే.

ఆఫీసుకు ఎదురుగానే ఆయన ఫొటోల షాపు. ఆయనదీ ఆమె దేశమే. వచ్చి ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది. తమ భాష వాళ్లెవరు వీసా పని మీద వచ్చినా షాపు వదిలేసి వెళ్లి కౌంటరు దగ్గర మాట సాయం చేస్తాడు. పైసా తీసుకోడు. మొదటిరోజు ఆమె భయంభయంగా "మీదే ఊరు?" అని అడిగితే ఆమె ఊరికి ఎంతో దూరంగా, దేశానికి ఆ చివరనున్న ఊరి పేరు చెప్పాడు. అప్పుడుగానీ ఆమె ఫొటోకి ముఖం ఎత్తలేదు.

వాళ్లని షాపుకి తీసుకొచ్చి, పాపను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమెకు మంచినీళ్లిచ్చాడు.

"ఇల్లుంది కదా చెల్లెమ్మా. చెప్పడానికేం?"

ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచెయ్యి వంకరగా అతుక్కుని ఉంది.

"పాప చూస్తుండగానే మా ఆయన విరిచాడు. ఈసారి దాని వంతు అన్నాడు. ఆ మర్నాడే పిల్లని తీసుకుని వచ్చేశాను. ఎక్కడ అడ్రసు రాసినా ఆయన కంట పడుతుందని భయం. మా అమ్మక్కూడా చెప్పలేదు."

ఆయన చాలాసేపు ఆ మోచేతినే చూశాడు. కెమెరా లెన్సు తుడిచే గుడ్డతో ఊరికే బల్ల తుడిచాడు.

"నా మాట విను," అన్నాడు చివరికి. "ఆఫీసులో రాసింది ఆఫీసు దాటి బయటికి రాదు. ఆ పని వాళ్లు ప్రాణం పోయినా చెయ్యరు. నువ్వు రాయించకపోతేనే ముప్పు. విమానం ఎక్కించి పంపేది ఎక్కడికనుకున్నావ్? సరాసరి అతని గుమ్మంలోకే."

ఆ సంగతి ఆమె ఆలోచించలేదు.

"అన్నయ్యా అని పిలిచావు. ఆ మాత్రం నమ్మలేవా?"

ఆమె పాప వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు, వీధి పేరు చెప్పింది. ఇస్త్రీ షాపు పైన, మేడ మీది వెనక గది.

ఇంటి ఓనరు ముసలావిడ ససేమిరా అంది. "నాకు మోకాళ్ల నొప్పులు. పోలీసు గొడవలు నా వల్ల కాదు. కావాలంటే గది ఖాళీ చెయ్యమను."

ఆయన మెట్ల మీదే కూలబడ్డాడు. "పోలీసు గొడవ కాదమ్మా, ఒక్క మాట చెప్పి వచ్చేయడమే. నేను దగ్గరుండి తీసుకెళ్తాను, దగ్గరుండి దింపుతాను."

"నీకేమవుతుందయ్యా ఈ పిల్ల, ఇంత పాకులాడుతున్నావ్?"

"చెల్లెలు."

ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, చెప్పులు తెమ్మంది.

ఆఫీసులో ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. ఆఫీసరు అడిగిందానికి ఆవిడ తల ఊపింది. ఇంటి నంబరు, అంతస్తు, గది ఏ వైపో అన్నీ ఆయనే అడిగి, సరిచూసి చెప్పాడు. పాస్‌పోర్టుల మీద ముద్రలు పడ్డాయి.

బయటికి రాగానే ఆమెకు దుఃఖం ఆగలేదు. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను," అంది.

"సొంతవాళ్లకి చేసేది మేలెలా అవుతుంది?" అన్నాడు.

మగవాళ్లు కనబడితే చాలు తల్లి వెనక నక్కే పిల్ల, ఆ రోజు తనంతట తానే వెళ్లి ఆయన వేలు పట్టుకుంది. "మామయ్యా, మా ఇంటికి వస్తావా?"

"రాకుండా ఎలా ఉంటానమ్మా," అని ఆయన దాని తల నిమిరాడు.

ఆ సాయంత్రం ఆమె మొదటిసారిగా సూట్‌కేసు మొత్తం ఖాళీ చేసింది. బట్టలన్నీ మడతలు పెట్టి అలమారలో సర్దింది. ఎప్పుడూ మూసి ఉంచే కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. కింద ఇస్త్రీ షాపులోంచి వెచ్చటి బట్టల వాసన గదిలోకి వచ్చింది.

"ఇంక ఇల్లు మారం కదా అమ్మా?"

"మారం. ఇదే మనిల్లు."

పాప నవ్వింది. కిటికీ ఊచలు పట్టుకుని వీధిలో పోయేవాళ్లకి చెయ్యి ఊపింది.

అదే వేళకి ఫొటోల ఆయన షాపు షట్టరు సగం దించాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, సెల్‌ఫోన్ తీసి తమ దేశపు నంబరు ఒకటి నొక్కాడు. అవతలివాళ్లు ఎత్తేదాకా ఓపికగా నిలబడ్డాడు.

"రాసుకో బావా, మా చెల్లెలి అడ్రసు."