మిగిలిన మూడు గింజలు

లక్ష్మక్క బోరు ఎండి వారమైంది. ఆమె గట్టున కూర్చుని వేరుశనగ వలుస్తుంటే పక్క చేని తిప్పేస్వామి పరామర్శకు వచ్చాడు. బడిలో లెక్కలు చెప్తాడు, తీరికలో పద్యాలు కడతాడు.

“అంతా కర్మ లెక్కక్కా,” అంటూ రాగం తీశాడు.

చనిన జన్మ పాప సంఖ్యను రెట్టించి
ఆరు కలిపి పిదప అందు సగము
తొలుత నున్న సంఖ్య తొలగింప మిగిలేది
కర్మ శేషమనుచు కాంచుమమ్మ.

ఎండిన బోరు వైపు అతను ఒక్కసారీ చూడలేదు. అది ఆమెకు నచ్చలేదు.

“గింజలతో చేసి చూద్దాం,” అని చాట ముందుకు తోసింది.

తను నాలుగు గింజలు పెట్టి, వాటిని ఎనిమిది చేసింది. ఆరు అతని చేతే వేయించింది. సగం పక్కకు తీసి, తన నాలుగూ వెనక్కి తీసుకుంది. మూడు మిగిలాయి.

“చూస్తివా, అదే నీ కర్మ.”

ఈసారి తొమ్మిదితో మొదలుపెట్టింది. మళ్లీ మూడే.

“నేనెన్ని పెట్టినా నావి నాకే వస్తాండాయి. మిగిలేది నువ్వేసిన ఆరులో సగం కదప్పా?”

తిప్పేస్వామి నవ్వబోయి ఆగాడు.

“నా కర్మ సంగతి పక్కన పెట్టు. నీ కొత్త బోరు ఎంత లోతు దించినావో చెప్పు.”