ముందుగదిలో నాన్న

“ఇదిగో, మీ కూతురు. పట్టుకోండి” అంటూ భార్య గేటు దగ్గరే బిడ్డను అందించబోయింది. లిఫ్టు మెకానిక్ చేతులు చాచలేదు సరికదా, గబగబా వెనక్కి జరిగాడు.

నెలలు నిండకుండా పుట్టి, ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఊపిరి పోసుకుని, ఇవాళే మొదటిసారి ఇల్లు చేరుతున్న బిడ్డ. కన్నతండ్రి అయివుండీ అతను ఇంతవరకూ దాన్ని ఎత్తుకోలేదు. అక్కడ నర్సులు ఒప్పుకోలేదు. ఇప్పుడు తనే ఒప్పుకోవడం లేదు.

“నా దగ్గరికి రాకండి. లోపలికి వెళ్ళండి, ఇక్కణ్ణుంచే చెబుతాను” అన్నాడు మాస్కు సర్దుకుంటూ.

నిన్న ఒక అపార్టుమెంటులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల ఒక పెద్దాయన ఒంటరిగా తలుపులు బాదుతున్నాడు. పైన తోటి మెకానిక్ చేత్తో చక్రం తిప్పి లిఫ్టును దించుతుంటే, ఇతను కప్పు మూత తీసి ఆయనకు తోడుగా లోపలికి దిగాడు. పెద్దాయన ఇతని భుజం మీద తల వాల్చి, కిందికి చేరేదాకా దగ్గుతూనే ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఈ ఉదయం ఆయన కూతురు ఫోన్ చేసింది. ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేస్తున్న కొత్త ఫ్లూ అదేనట. మేలు చేసినవాడికి ఇలాంటి కబురు చెప్పాల్సి వచ్చిందని పాపం ఒకటే బాధపడింది.

అతను వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాడు. ముందుజాగ్రత్తగా వేసుకోమని డాక్టరు మాత్రలు చెప్పాడు. పది రోజులు విడిగా ఒక గదిలో ఉండమన్నాడు, పొద్దునా సాయంత్రం జ్వరం చూసుకోమన్నాడు. ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా, ముందు ఫోన్ చేసి మరీ రమ్మన్నాడు. పసిబిడ్డ సంగతి చెప్పగానే, ఆ గడప దాటొద్దని గట్టిగా చెప్పాడు.

ఇదంతా విని, కూతురి వెంట వచ్చిన అత్తగారు ముఖం ముడుచుకుంది. కూతురు ఒక్కతీ సతమతమవుతుంటే గుండ్రాయిలాంటి మనిషి గదిలో కూర్చోవడమేమిటని ఆవిడ బాధ. పిల్ల పనులు తప్పించుకోవడానికి ఇదో వంక అని కూడా ఆవిడ మనసులో పడింది.

“జ్వరం వచ్చినప్పుడు పడుకోవచ్చుగా బాబూ, ఇప్పట్నుంచే ఎందుకు?”

“వచ్చేదాకా ఆగితే ఈలోపే మీకు అంటించేస్తాను అత్తయ్యా. పైకి కనబడకముందే అంటుకుంటుందట.”

వీధివైపు తలుపున్న ముందుగదిలో అతను మకాం పెట్టాడు. ఇనప తాళ్ళు, స్పానర్లు, గ్రీజు డబ్బాల మధ్య చాప పరుచుకున్నాడు. అన్నం గడప బయట స్టూలు మీద పెట్టి వెళ్ళేవారు. అదృష్టం కొద్దీ ఆ గదికి బాత్రూమ్ విడిగా ఉంది. లోపలి తలుపుకు ఒక గాజుపలక ఉండేది. భార్య దాని దగ్గరికి వచ్చి బిడ్డను ఎత్తి చూపించేది. అతను ఇటువైపు నుంచి గాజు మీద వేలితో మెల్లగా తట్టేవాడు. బిడ్డ ఎటో చూసేది. అది తనవైపే చూసిందని అతను రోజంతా మురిసిపోయేవాడు.

ఏడుపు మాత్రం గోడ దాటి వచ్చేది. ఆకలి ఏడుపేదో, నిద్ర ఏడుపేదో అతనికి గదిలో ఉండే తెలిసిపోయింది. ఒకసారి బిడ్డ గుక్కపట్టి ఎంతకీ ఊరుకోలేదు. అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి, కొందరికి సుఖం రాసిపెట్టి ఉంటుందని గోడతో చెప్పినట్టు చెప్పి వెళ్ళింది. అతను తల వంచుకుని తన చేతులు చూసుకున్నాడు. కాయలు కాసిన మొరటు చేతులు. పిడికెడంత బిడ్డను వీటితో ఎలా పట్టుకోవాలో అతనికి నిజంగానే తెలియదు. భయంగానూ ఉంది. ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం ఉందా? ఈ గది దొరకడం లోలోపల తనకూ హాయిగానే ఉందా? ఎంత తరచి చూసుకున్నా అతనికి తేలలేదు.

చివరికి భార్యకూ ఓపిక తీరిపోయింది. కళ్ళ కింద నల్లటి చారలతో గాజుకు అటువైపు నిలబడి, “మీకు ఏమీ రాలేదు కదా. ఇంకా ఎందుకింత పట్టుదల?” అంది.

అతను గాజు దగ్గరికి వచ్చాడు. “రిపేరైన లిఫ్టులో ముందు ఇసుక బస్తాలు ఎక్కించి తిప్పుతాం. నమ్మకం కుదిరాకే మనుషులను ఎక్కనిస్తాం. ఇక్కడ ఎక్కబోయేది మన పాప. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో” అన్నాడు.

ఆమె తలుపుకు నుదురు ఆనించి కాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయింది.

డాక్టరు పెట్టిన గడువు ముగిసింది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఇక నిక్షేపంగా ఇంట్లోకి వెళ్ళొచ్చని డాక్టరు ఫోనులో చెప్పేశాడు. అతను తలస్నానం చేసి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. చేతులు సబ్బుతో రుద్దిరుద్ది కడుక్కున్నాడు. వెళ్ళగానే అత్తగారిని కాస్త నడుం వాల్చమని పనంతా తనే అందుకోవాలనుకున్నాడు. లోపలి తలుపు తట్టాడు.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు సగమే తెరుచుకుంది. భార్య ముఖానికి మాస్కు ఉంది. కళ్ళు ఎర్రబారి ఉన్నాయి. వెనక మంచం మీద అత్తగారు నిండా దుప్పటి కప్పుకుని వణుకుతోంది.

బిడ్డను, పాలసీసాను చేతులు పూర్తిగా చాచి అతనికి అందిస్తూ ఆమె అంది:

“పాపను తీసుకుని మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళిపోండి. రాత్రి అమ్మకీ నాకూ జ్వరం తగిలింది, దీన్ని ఎత్తుకోదగ్గ మనిషి ఇప్పుడీ ఇంట్లో మీరొక్కరే.”