వరహాలు టీచరు గొంతు

మా ఊరి బడిలో గోడే పాఠాలు చెబుతుంది. అబద్ధమైతే నా మీసం గొరిగేయండి.

ఆ మాట్లాడే మరగోడ వచ్చిన కొత్తలో దాని గరగర గొంతుకు పిల్లలు జడుసుకున్నారు. హెడ్మాస్టరు పేర్రాజు గారిది వెన్నలాంటి మనసు. ఒకటో తరగతి వరహాలు టీచరుకు తన చేత్తో టీ ఇచ్చి, "మీ గొంతు దానికిచ్చేయండమ్మా, పిల్లలు అలవాటుపడతారు. మీ ఉద్యోగానికి నాదీ పూచీ," అన్నారు. ఆవిడ నమ్మింది. పిల్లలు అలవాటుపడ్డారు. ఆవిడ ఉద్యోగం పోయింది.

మరుసటేడు బడి ముందు పడిపోయిన ఓ పిల్లను లేపుతూ, "దెబ్బ తగిలిందా బంగారం?" అంది వరహాలు.

"ఓలమ్మా! ఈ ముసల్ది మా గోడలాగ మాట్లాడతంది!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

పేర్రాజు గారు పరుగున వచ్చి, కళ్ళు తుడుచుకున్నారు. "మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ పిల్లలు తికమకపడతారు. బడి చుట్టుపక్కల మీరు మాట్లాడకండి."

వరహాలు 'సరే' అనబోయి, తలూపింది.