వదులు తీగలు

నా పాటను తన పేరు మీద పాడుకుని, నన్ను బ్యాండులోంచి గెంటేసిన బక్కోడు ఇవాళ్టి షోకి నాకూ, నా స్నేహితులకూ టిక్కెట్లు పంపాడు. ఎంత పొగరు!

షోకి పది నిమిషాల ముందు స్టేజీ వెనక్కి వెళ్లాను. వాడి గిటారు స్టాండు మీదుంది. శ్రుతి చేయడం వాడి తరం కాదు; నేనున్నన్నాళ్లూ ఆ పని నాదే. మూడు తీగలు బాగా వదులు చేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను.

“ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?” అంది పక్కనున్న స్నేహితురాలు.

“చూస్తూ ఉండు. వీడు ఇవాళ నవ్వులపాలే!”

బక్కోడు గిటారుతో వచ్చాడు. వాయించలేదు, మైకు అందుకున్నాడు.

“ఈ పాట నాది కాదు. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. రాసిన మనిషి ఇక్కడే ఉంది. రావే, నీ పాట నువ్వే వాయించు!”

జనం హోరెత్తారు. స్నేహితులు నన్ను తోసి మరీ స్టేజీ ఎక్కించారు.

బక్కోడు గిటారు నా మెడలో వేశాడు.

“శ్రుతి నేనే చేశా,” అన్నాడు చెవిలో. “నీకోసమే నేర్చుకున్నా. ఎలా కుదిరిందో చెప్పవే.”