మెడపట్టీ లేని గొంతు

కాకినాడలో ఇప్పుడు మెడపట్టీ లేకుండా పెళ్లిచూపులకు వెళ్లే మగవాడు లేడు. ఎంత సన్నని గొంతునైనా అది గంభీరంగా మార్చేస్తుంది. వైదేహి కూడా కిరీటి గొంతు వినే పెళ్లికి ఒప్పుకుంది. పెళ్లయి ఏడాదైనా, స్నానాల గదిలో తప్ప అతను పట్టీ తీయలేదు.

ఆ ఉదయం ఆమె పొయ్యికి వీపు పెట్టి గారెల పిండి కలుపుతుంటే వెనక నూనె మూకుడు ఒరిగింది.

"జరుగు, జరుగు!" అని ఎవరో కీచుగా అరిచారు. వరండాలో పిల్లలు ఆడుకుంటున్నారనుకుని ఆమె కదల్లేదు. మరిగే నూనె చేతి మీద పడింది. కెవ్వుమని తిరిగి చూస్తే, గుమ్మంలో తడి తలతో కిరీటి.

"అరిచింది నువ్వా?"

అతను చేతిలోని పట్టీ మెడకు పెట్టుకోబోయాడు. వైదేహి దాన్ని లాగి గోడకేసి కొట్టింది.

"నా చెయ్యి కాలిపోతుంటే నీకు గొంతు కావలసొచ్చిందా?"

"ఈ గొంతు వింటే నన్ను చేసుకునేదానివా?"

చేసుకునేది కాదు. అది తెలిసి ఆమెకు తన మీదే మరింత మండింది.

"చేసుకునేదాన్ని కాదు," అంది పళ్లు బిగించి. "ముందు చేతి మీద నీళ్లు పొయ్యి. ఇకనుంచి రోజూ ఈ గొంతుతోనే పిలువు. మళ్లీ అరిస్తే పక్కకి జరగాలి కదా నేను!"